ఏజెన్సీ గూడెంలో డోర్ నంబర్లు లేవు: డిజిపిన్ ఒక్కటే చాలదా?

ప్రశ్న:
మా పంచాయతీలో కొండ మీద 42 ఇళ్ల గూడెం ఉంది. ఒక్క ఇంటికీ డోర్ నంబరు లేదు. ఆధార్‌లో పంచాయతీ పేరొక్కటే ఉండటంతో ఏటీఎం కార్డులు వెనక్కి పోతున్నాయి. డిజిపిన్ (తపాలా శాఖ వారి లొకేషన్ కోడ్) తీసుకుంటే సరిపోతుందా అండి?

జవాబు 1:
సరిపోదండి. డిజిపిన్ చోటు చూపిస్తుందంతే, చిరునామాకి బదులు కాదు. పంచాయతీ కార్యదర్శితో ముందు నంబర్లు వేయించండి. దారి గూడెంలోకి వచ్చే మొదటి ఇంటి నుంచి వరసగా పోవాలి. మధ్యలో కొత్త ఇల్లు లేస్తే 14/ఎ అనండి. మిగతావి జరిపారో, ఆధార్‌లో ఎక్కినవన్నీ తప్పవుతాయి. మట్టిగోడ మీద రాయిస్తే పండక్కి అలికేస్తారు, ద్వారబంధం మీద ఆయిల్ పెయింట్‌తో రాయించండి.

జవాబు 2:
కార్డులు తప్పిపోయేది ఎక్కువగా పిన్ కోడ్ దగ్గరే. అలవాటుగా మండల కేంద్రం పిన్ వేసేస్తారు. గూడెం ఏ బ్రాంచి పోస్టాఫీసు కిందికొస్తుందో బీపీఎంని (బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌ని) అడిగి ఆ పేరు, ఆ పిన్ రాయండి. ఒకే పేరు గూడేలు మండలంలో రెండు మూడుంటాయి కాబట్టి పంచాయతీ పేరు వదలొద్దు. ఆంధ్రాలో అయితే జిల్లాలు మారాయి కాబట్టి ఇప్పటి జిల్లా పేరుండాలి.

జవాబు 3:
డిజిపిన్ కూడా తీసి రిజిస్టర్‌లో పెట్టండి, కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్‌కి పనికొస్తుంది. తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన ఈ కోడ్‌లో 10 అక్షరాలు, ఒక్కో కోడ్ నేల మీద సుమారు 4 మీటర్ల పొడవు, వెడల్పు ఉన్న గడిని చూపిస్తుంది. చెట్ల కింద ఫోన్ లొకేషన్ పది మీటర్లు అటూ ఇటూ పోతే పక్కింటి కోడ్ వస్తుంది. గుమ్మం ముందు ఆరుబయట నిలబడి, లొకేషన్ కుదురుకున్నాకే తీయండి. అందులో 2 నుంచి 9 అంకెలు, సి, ఎఫ్, జే, కే, ఎల్, ఎం, పి, టి తప్ప ఇంకేమీ ఉండవు. సున్నా గానీ 1 గానీ కనబడితే ఎక్కించినవాళ్లు పొరబడ్డట్టే.

ప్రశ్న అడిగినవారు:
నంబర్లు వేశాక ఆధార్‌కి ఏ కాగితం పెట్టాలి? వీళ్ల దగ్గర కరెంటు బిల్లు కూడా లేదు.

జవాబు 1:
ఆధార్ వాళ్ల స్టాండర్డ్ సర్టిఫికెట్ ఫారం ఉంది, సర్పంచ్ గానీ కార్యదర్శి గానీ సంతకం పెట్టొచ్చు. సంతకం, ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. కొట్టివేతలుంటే తిప్పి పంపుతారు. తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది, కాబట్టి ఆధార్ క్యాంపు రోజు ఖరారయ్యాకే సంతకాలు పెట్టించండి.