మునివేళ్లా, మునికాళ్లా?

అడిగినవారు: మా పెదనాన్నగారి పెట్టెలో ఒక పాత సినిమా పత్రిక ఉండేది. అందులో బ్యాలే నర్తకి, సినిమా నటి మోయిరా షియరర్ బొమ్మ కింద "మునివేళ్ల మీద నిలిచిన మంట" అని చదివిన గుర్తు. మంట అన్నది ఆమె ఎర్రజుట్టును చూసే అయుంటుంది. కానీ "మునికాళ్ల మీద" అని కూడా చెవిలో మోగుతోంది. ఏది ఒప్పు?

బందరు మాస్టారు: మునికాళ్లే. మునివేళ్లంటే చేతివి. మా అమ్మ ఉట్టి మీది పెరుగు ముంత అందుకునేటప్పుడు మడమలు రెండూ లేచేవి, పాదం ముందుభాగం నేలకు నొక్కుకుని వేళ్లు విప్పారేవి. అదీ మునికాళ్ల మీద నిలబడడమంటే.

డాలస్ నుంచి: మాస్టారూ, మీరు చెప్పింది సగం లేవడం. మా అమ్మాయి బ్యాలే నేర్చుకుంటోంది కాబట్టి రోజూ చూస్తున్నాను. సగం లేస్తే డెమీ పాయింట్, అచ్చంగా వేళ్ల కొసల మీద నిలబడితే పాయింట్. గుడ్డ, కాగితం పొరలను జిగురుతో అంటించి ఆ బూటు ముక్కును గట్టిపరుస్తారు. కొత్త జత కొన్న రోజు మా పిల్ల దాన్ని గచ్చుకేసి కొట్టి మెత్తబరుస్తుంది. 'ది రెడ్ షూస్' (1948)లో దాదాపు 17 నిమిషాల బ్యాలే ఉంది కదా, అందులో షియరర్ నిలిచింది ఆ కొసల మీదే. అసలు ఆ సినిమాకి ఆవిడ చాలాకాలం ఒప్పుకోలేదు, బ్యాలే వదిలి రావడం ఇష్టంలేక. అలాంటి మనిషికి మునివేళ్లే తగిన మాట.

కూచిపూడి నేర్పే అక్క: నాట్యశాస్త్రంలో అగ్రతలసంచరం అనే పాదభేదం ఉంది. మడమ ఎత్తాలి, బొటనవేలు చాచాలి, మిగతా వేళ్లు వంచాలి. అగ్రతలానికి తెలుగు మునికాలే. మునిపన్ను, మునిమాపు చూడండి, ముని అంటే కొస.

వరంగల్ నుంచి: అక్కా, మునిమాపును ఇందులో కలపకండి. అక్కడ ముని అంటే తొలి, మునుపు వైపు చుట్టం. మునిపన్ను కూడా ముందు పన్నే, పంటి కొస కాదు. అలా చూస్తే మునికాలు పాదం ముందుభాగమే అవుతుంది, వేలి కొసకి చాలదు.

తెనాలి నుంచి: అగ్రం అనగానే పారిజాతాపహరణం రాసిన తిమ్మన గుర్తొచ్చాడు. "మత్తను పులకాగ్ర కంటక వితానము తాకిన నొచ్చునంచు". సత్య తన్నితే కృష్ణుడి బాధ తన తల గురించి కాదు, తన ఒంటి పులకల మొనలు ఆ చిగురు పాదానికి గుచ్చుకుంటాయని. ఆ "అగ్ర" తీసేస్తే ముల్లుకి మొనే ఉండదు.

బందరు మాస్టారు: అంతకన్నా ఆ పద్యం మొదట్లో "తాచిన" చూడండి, అంటే తన్నిన. మొదటి పాదం "తా" దగ్గర ఆగుతుంది, "చిన" రెండో పాదంలో పడుతుంది. కాలు ఒక పాదంలో లేచి ఇంకో పాదంలో దిగింది. పాతికేళ్లు ఆ పద్యం పాఠం చెప్పాను, అక్కడికి రాగానే ప్రతిసారీ గొంతు ఆగేది.

డాలస్ నుంచి: అబ్బ, ఇది నాకు తట్టనేలేదు మాస్టారూ! షియరర్ 1951లో 'ది టేల్స్ ఆఫ్ హాఫ్‌మన్'లో ఒలింపియా అనే మరబొమ్మగా చేసింది. కీ అయిపోగానే ఆ బొమ్మ కూడా అలాగే కదలిక మధ్యలో ఆగుతుంది.

అడిగినవారు: పెట్టె దించి వెతికాను, పేజీ దొరికింది. "ముని" స్పష్టంగా ఉంది. తర్వాతి అక్షరాన్ని చెద తినేసింది. ఆపైన "ళ్ల మీద నిలిచిన మంట".

వరంగల్ నుంచి: చిల్లు పై అంచున ఏత్వం జాడ ఏమైనా మిగిలిందా? వెలుతురులో పెట్టి ఒక ఫొటో తీసి పెట్టండి.