"పాలసీ హెల్త్"కి తెలుగులో ఏమనాల? ఉభయకుశలోపరి పనికొస్తదా?

ఒక మాట గురించి అడగాలని రాస్తా ఉండా, కాస్త పొడుగైద్ది, ఓపిగ్గా చదవండి.

నేను కావలిలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటా. వందకి పైగా మిషన్లు, అన్నీ విండోసే, ఒకే డొమైన్ కింద, అంటే ఒకే సర్వర్ అదుపులో ఉండాయి. పెన్‌డ్రైవ్ పెట్టకూడదు, వాల్‌పేపర్ మార్చకూడదు, ఇట్టాంటివన్నీ సర్వర్లో ఒకసారి రాసిపెడితే అన్ని మిషన్లకీ వర్తిస్తాయి, దాన్నే గ్రూప్ పాలసీ అంటారు, విండోస్ 2000 నుంచీ ఉండేదే. వర్తిస్తాయి అనుకుంటాం గానీ నిజంగా అందినాయా లేదా అంటే ఒక్కో మిషన్‌కీ విడివిడిగా జీపీరిజల్ట్ అనే కమాండ్ కొట్టి చూసుకోవాల. పోయిన వారం పవర్‌షెల్‌లో, అంటే విండోస్‌లో కమాండ్లు రాసే చోట, నడిచే ఒక టూల్ ట్రై చేశా. నా సీట్లోంచే అన్నిట్నీ అడిగి, ఆఖరుసారి పాలసీ ఎప్పుడు అందింది, ఏ ముక్క ఫెయిలైంది, మొత్తానికి బాగుందా లేదా అని మిషన్‌కో లైను రాసిస్తది. మొదటి కాలమే "హెల్త్", బాగుంటే ఆకుపచ్చ, కాస్త తేడా ఉంటే పసుపు, బాగలేకుంటే ఎరుపు.

"పాలసీ హెల్త్ చూస్తా ఉండా" అన్నా ఆఫీసులో. పక్కనుండే అటెండరన్న "మా ఇంటామెని కూడా దాంట్లో చేర్చొచ్చా అబ్బయా, మోకాలి ఆపరేషన్ ఉండాది" అని అడిగాడు. ఆయన తప్పేముంది, మన దగ్గర పాలసీ అంటే ఎల్ఐసీ, హెల్త్ పాలసీ అంటే ఆస్పత్రి బిల్లుకి పనికొచ్చేది. ఆయనకి అర్థమయ్యేటట్టు చెప్పను నా దగ్గర ఒక్క తెలుగు మాట లేకపోయిందే అని మనసుకి కష్టంగా అనిపించింది. "విధాన ఆరోగ్యం" అంటే ఆయనకే కాదు నాకూ ఎక్కదు.

మా తాత నాయనకి రాసిన ఇన్లాండ్ లెటర్లు ఇంట్లో ఇంకా ఉండాయి. ప్రతి దాంట్లో మొదటి మాట ఉభయకుశలోపరి. ఉభయ, కుశల, ఉపరి, చివర రెండూ కలిసి గుణసంధి. ఈడ మేం బాగుండాం, ఆడ నువ్వూ బాగుండావని తలుస్తా, అని. నాకు ఈ "ఉభయ" దగ్గరే మనసు ఆగిపోయింది, ఎందుకంటే పాలసీ సంగతి కూడా అచ్చం ఇదే. ఒక్కో పాలసీ సర్వర్లో రెండు చోట్ల ఉంటది, సగం యాక్టివ్ డైరెక్టరీలో, అంటే డొమైన్‌లో ఉండే మిషన్లు, మనుషుల చిట్టాలో, సగం సిస్‌వాల్ అనే ఫోల్డర్లో, రెండిట్లో వెర్షన్ నంబరు ఒకటే ఉండాల. అదీగాక సర్వర్ తనంతట తను పంపించదు, మిషనే 90 నిమిషాలకోసారి, దాని మీద ఇంకో 30 నిమిషాల లోపు ఆలస్యంతో, పోయి అడిగి తెచ్చుకుంటది. ఒక వైపు బాగుంటే చాలదు.

రెండో ల్యాబులో కిటికీ పక్క మూల మిషన్ ఒకటి ఎర్రగా చూపించింది. పోయి చూస్తే గడియారం 2019 జనవరిలో ఉండాది, లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది, సర్వర్‌తో టైము కలిపే టైమ్ సర్వీసు కూడా ఆగిపోయుండాది. టైము 5 నిమిషాలకి మించి తేడా వస్తే కెర్బెరోస్, అంటే ఎవరు ఎవరో సరిచూసే కాపలాదారు, ఒప్పుకోదు, ఇంక పాలసీ యాడ అందుద్ది? సర్వర్ కులాసానే, ఈ పిల్లకే బాగలేదు. బ్యాటరీ మార్చి, టైము సరిచేసి, పాలసీని అప్పటికప్పుడు తెప్పించే జీపీఅప్‌డేట్ కమాండ్ కొడితే ఆకుపచ్చగా వచ్చింది.

అందుకని ఆ కాలమ్‌కి "ఉభయకుశలోపరి" అని పెడదామనుకుంటా ఉండా. ఏమంటారు?

జవాబు, ఒంగోలు నుంచి:
తమ్ముడూ, మాట బాగుంది గానీ ఉపరి అంటే "ఆ పైన" అని. ఇద్దరి కుశలం అయింది, ఆ పైన అసలు సంగతి ఏంటంటే, అని ఉత్తరం మొదలుపెట్టడం. అది కాలమ్ పేరు కాదయ్యా, కాలమ్ అయిపోయాక చెప్పే మాట. నీకు "కుశలం" చాలు. ఇంకోటి, కుశలుడు అంటే నేర్పరి కూడా, చెయ్యి తెగకుండా కుశలు, అంటే దర్భలు, కోసుకొచ్చేవాడని పాతవాళ్ల వ్యుత్పత్తి. పని సరిగ్గా చేసే మిషన్‌కి అది కూడా నప్పుతుంది. మరి పసుపు రంగుకి ఏమంటావు? మా అమ్మయితే నలత అంటుంది. జబ్బు కాదు, మంచాన పడలేదు, కానీ ఒంట్లో బాగలేదు.

నా జవాబు:
ఉపరి సంగతి నిజమే అక్కా, ఆ అర్థం నేను పట్టించుకోలా. కుశలం, నలత, జబ్బు, ఈ మూడూ పెట్టేశా. ఒక మిషన్‌కి అన్నీ అందినాయి గానీ ప్రింటర్ ముక్క ఒక్కటే ఫెయిలైంది, దానికి నలత కంటే మంచి మాట నాకైతే దొరకదు.

ఇంకొకరి జవాబు:
మరి పాలసీకి? మా సముద్రం పక్క ఊళ్లలో పెద్దకాపులు, అంటే ఊరి పెద్దలు, దురాయి వేస్తారన్నా, ఫలానా రోజు వేటకి పోగూడదు అని. పెన్‌డ్రైవ్ పెట్టకూడదు అనేది దురాయే గదా.

నా జవాబు:
పెన్‌డ్రైవ్‌కి దురాయి సరిగ్గా సరిపోద్ది తమ్ముడూ. కానీ ప్రింటర్ కలిపేది, సర్వర్లో ఫోల్డర్‌ని డ్రైవ్‌గా చూపించేది కూడా పాలసీనే, అవి వద్దనేవి కాదు, ఇచ్చేవి. రెండిటికీ కలిపి కట్టుబాటు అని రాసి చూస్తా, అంతకంటే మంచిది ఎవరికన్నా తోస్తే చెప్పండి.