రెసొనెన్స్ ట్యూబ్ ప్రయోగం: రెండు ఫోర్కులకు రెండు వేగాలు ఎందుకు వస్తున్నాయి?

ఎంపీసీ_ఫస్టియర్ అడిగిన ప్రశ్న:

నీళ్లున్న గొట్టం మూతి మీద మోగుతున్న ట్యూనింగ్ ఫోర్కు పట్టుకుని, నీటి మట్టం దించుతూ శబ్దం ఒక్కసారిగా పెరిగే చోట్లు (అనునాదాలు) వెతికి ధ్వని వేగం కనుక్కునే ప్రయోగంలో నా లెక్క కుదరడం లేదు. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. గొట్టం లోపలి వ్యాసం 3.5 సెం.మీ. రీడింగులు ఇవి:

512 హెర్ట్జ్ ఫోర్కు: మొదటి అనునాదం 16.0 సెం.మీ., రెండోది 50.1 సెం.మీ.
480 హెర్ట్జ్ ఫోర్కు: మొదటిది 17.2, రెండోది 53.5.

మొదటి అనునాదం దగ్గర గాలి స్తంభం పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు కదా. అందుకని దాన్ని నాలుగుతోనూ, పౌనఃపున్యంతోనూ (ఫోర్కు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ హెర్ట్జ్ సంఖ్య) గుణించాను. 512కి 327.7 మీ./సె. వచ్చింది, 480కి 330.2 వచ్చింది. గాలిలో ధ్వని వేగం పౌనఃపున్యాన్ని బట్టి మారదని చదివాం. మరి ఈ తేడా ఎక్కడిది? పైగా 30 డిగ్రీల దగ్గర 349 రావాలి. నాకు వచ్చినవి సున్నా డిగ్రీల విలువ 331 కన్నా కూడా తక్కువ. రీడింగులన్నీ మళ్లీ తీయాలా?

---

తరంగం_లెక్చరర్:

మళ్లీ తీయకండి. మీ రీడింగులు చాలా బాగున్నాయి, తప్పంతా లెక్కలో ఉంది.

గొట్టంలో నీటి మట్టం దగ్గర గాలి కదలలేదు, అక్కడ అస్పందన స్థానం. గాలి అన్నిటికన్నా ఎక్కువగా ఊగే ప్రస్పందన స్థానం మాత్రం సరిగ్గా గొట్టం మూతి దగ్గర ఉండదు. మూతి దాటి కొంచెం పైవరకు గాలి గొట్టంలోని గాలితో పాటే ఊగుతుంది. ఆ కొంచెమే ఎండ్ కరెక్షన్, మన తెలుగు పుస్తకాల్లో అంత్య సవరణ. అది లోపలి వ్యాసానికి సుమారు 0.3 రెట్లు. మీ గొట్టానికి 0.3 × 3.5 = 1.05 సెం.మీ. అంటే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు 16.0 కాదు, 17.05.

ఇప్పుడు మీ రీడింగుల్నే అడుగుదాం. రెండో అనునాదం దగ్గర పొడవు ముప్పావు తరంగదైర్ఘ్యం, కాబట్టి సవరణ లేకపోతే అది మొదటిదానికి సరిగ్గా మూడు రెట్లు, అంటే 48.0 రావాలి. మీకు 50.1 వచ్చింది. ఆ 2.1లో సగం 1.05. వ్యాసంతో పని లేకుండా మీ చెవే సవరణను కొలిచేసింది! 480 ఫోర్కుకు ఇలాగే చేస్తే 0.95 వస్తుంది, దగ్గరగానే ఉంది.

వేగానికి మొదటి పొడవు ఒక్కదాన్నే వాడకండి. రెండు పొడవుల తేడా సగం తరంగదైర్ఘ్యం. రెండింటిలోనూ సవరణ ఒకటే కాబట్టి తీసివేతలో అది పోతుంది.

512: 2 × 512 × (0.501 − 0.160) = 349.2 మీ./సె.
480: 2 × 480 × (0.535 − 0.172) = 348.5 మీ./సె.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. సవరణ వదిలేస్తే వేగంలో పడే లోటు 4 × పౌనఃపున్యం × సవరణ. 512కి అది 21.5, 480కి 20.2. గొట్టం అదే, సవరణ అదే, కానీ పౌనఃపున్యం పెరిగేకొద్దీ గాలి స్తంభం పొట్టిదవుతుంది కాబట్టి ఆ సెంటీమీటరు ఎక్కువ బరువు తూగుతుంది. మీ రెండు జవాబుల మధ్య తేడా 2.5లో సగం ఇదే. మిగతాది చదవడంలో వచ్చేదే. 480 ఫోర్కుకు ఒక్క మిల్లీమీటరు తప్పితే చాలు, 4తో గుణించే పద్ధతిలో 1.9 మీ./సె. మారిపోతుంది.

రికార్డులో 349.2 అని రాసి ఆగిపోకండి. చెవితో పట్టుకునే ప్రతి పొడవులోనూ రెండు మిల్లీమీటర్ల అనుమానం ఉంటుంది. తేడా తీస్తే అది సుమారు మూడవుతుంది, అంటే వేగంలో 3 మీ./సె. 349 ± 3 అని రాయండి.

---

ల్యాబ్_గది:

లెక్క తేలింది కాబట్టి చేతిపని గురించి రాస్తాను. ఈ ప్రయోగం ఎక్కువగా చెడేది ఫోర్కు పట్టుకోవడంలోనే.

కొట్టడానికి రబ్బరు ప్యాడ్ వాడాలి. బల్ల అంచు మీద కొడితే ఫోర్కు అసలు స్వరంతో పాటు దానికి ఆరు రెట్లకు కొంచెం పైన ఉండే కీచు స్వరం కూడా పలుకుతుంది. 512 ఫోర్కుకు అది 3200 హెర్ట్జ్ పైమాట. నీటి మట్టం దించుతుంటే ఐదున్నర సెంటీమీటర్లకోసారి సన్నగా పెరిగి తగ్గుతుంది. పిల్లలు దాన్నే మొదటి అనునాదం అనుకుని 7 సెం.మీ. దగ్గర రీడింగు రాసేస్తారు. అసలు అనునాదం వచ్చినప్పుడు చెవి పెట్టి వెతకక్కర్లేదు, గొట్టమే హోరుమంటుంది.

ఫోర్కు చెవి దగ్గర పెట్టుకుని కాడను వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక పూర్తి చుట్టులో నాలుగుసార్లు శబ్దం దాదాపు ఆగిపోతుంది. రెండు కొమ్ముల నుంచి వచ్చే తరంగాలు ఆ మూలల్లో ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ మూల గొట్టం మూతి వైపు పడితే పొడవు ఎంత సరిగ్గా ఉన్నా ఏమీ వినపడదు. ఒక కొమ్ము పైన, ఒకటి కింద వచ్చేలా, రెండూ పైకీ కిందికీ ఊగేలా పట్టుకోండి. మూతికి ఒక సెంటీమీటరు ఎత్తు చాలు. మరీ ఆనించినట్టు పెడితే ఫోర్కే మూతిని కొంత కప్పేస్తుంది, సవరణ మారిపోతుంది. ఒక అనునాదానికి దగ్గరగా, ఇంకోదానికి దూరంగా పట్టుకుంటే తీసివేసినా ఆ దోషం పోదు.

నీటిని దించుతూ ఒకసారి, ఎక్కిస్తూ ఒకసారి చదివి సగటు తీయండి. దించేటప్పుడు హోరు తగ్గడం మొదలయ్యాకే మనకు తెలుస్తుంది, కాబట్టి కొంచెం కిందకి జారిపోతాం. ఎక్కించేటప్పుడు అదే పొరపాటు పైకి జరుగుతుంది. సగటులో రెండూ సరిపోతాయి.

స్కేలు సున్నా గొట్టం మూతి దగ్గరే ఉందో లేదో కూడా చూడండి. చాలా స్టాండుల్లో స్కేలు అరసెంటీమీటరు పైకో కిందికో జరిగి ఉంటుంది. దాని వల్ల వేగం చెడదు, తీసివేతలో పోతుంది. కానీ అంత్య సవరణ సరిగ్గా అంతే తేడాగా వస్తుంది. సవరణ 0.5 అనో మైనస్‌లోనో వస్తే ముందు స్కేలునే అనుమానించండి.

---

ఎంపీసీ_ఫస్టియర్:

ధన్యవాదాలు సర్. ఇంకో రెండు సందేహాలు. 256 ఫోర్కుకు రెండో అనునాదం ఎంత దించినా దొరకలేదు. మొదటిది 33.1 దగ్గర వచ్చింది. అలాగే మొదటి పొడవుకూ పౌనఃపున్యం విలోమానికీ గ్రాఫ్ గీసి వాలు నుంచి వేగం తీయవచ్చని విన్నాను. 480, 512 రెండింటితో గీస్తే 369 వచ్చింది. అదెందుకు?

---

తరంగం_లెక్చరర్:

256కి రెండో అనునాదం 101 సెం.మీ. దగ్గర ఉంటుంది. మీటరు గొట్టంలో అది దొరకదు.

గ్రాఫ్ పద్ధతి మంచిదే. వాలు వేగంలో నాలుగో వంతు, గీత నిలువు అక్షాన్ని సున్నాకు దిగువన ఎంత దూరంలో కోస్తే అంత అంత్య సవరణ. కానీ 480, 512 పక్కపక్కన ఉన్న ఫోర్కులు. వాటి పొడవుల తేడా 1.2 సెం.మీ. మాత్రమే. అందులో ఒక్క మిల్లీమీటరు తప్పినా వేగం 30 మీ./సె. మారుతుంది. ఇప్పుడు మీ దగ్గర 256 కూడా ఉంది. 256, 512 తీసుకోండి: పొడవుల తేడా 17.1 సెం.మీ., వేగం 350 వస్తుంది. మధ్యలో 288, 320, 384 ఫోర్కులు కూడా ఉంటే పెట్టి గీత లాగండి. గీతకు దూరంగా పడ్డ బిందువు ఏ రీడింగు మళ్లీ తీయాలో చెబుతుంది.

వైవాలో (ప్రాక్టికల్స్‌లో నోటితో అడిగే పరీక్షలో) తేమ గురించి అడుగుతారు. నీటి ఆవిరి అణుభారం 18, గాలి సగటు 29. తడి గాలి తేలిక, అందుకే ధ్వని కాస్త వేగంగా పోతుంది. 30 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తడిస్తే సుమారు 2 మీ./సె. పెరుగుతుంది. మీ గొట్టంలో గాలి నీటి మీదే ఉంది కాబట్టి 350, 351 వచ్చినా తప్పుగా లెక్కపెట్టకండి. పీడనం మారితే మాత్రం వేగం మారదు. పీడనంతో పాటు సాంద్రత కూడా అదే నిష్పత్తిలో మారుతుంది.

---

ల్యాబ్_గది:

ఇంట్లో చేసి చూడాలంటే ఫోర్కు అక్కర్లేదు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 1000 హెర్ట్జ్ వదలండి. 512 పెడితే గొట్టాన్ని 34 సెం.మీ. జరపాలి, మామూలు బకెట్ లోతు చాలదు. 1000కి పదిహేడున్నర సెంటీమీటర్లే. మూడున్నర సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న పీవీసీ పైపు 30 సెం.మీ. ముక్క, బకెట్‌లో కనీసం 23 సెం.మీ. లోతు నీళ్లు ఉంటే సరిపోతుంది. ఇక్కడ నీళ్లు కదలవు, పైపునే నిలువుగా పట్టుకుని నెమ్మదిగా పైకి లాగాలి. ఫోన్ స్పీకరు మూతికి పక్కగా, సెంటీమీటరు దూరంలో, పైపుతో పాటే కదిలేలా పట్టుకోవాలి. దీనికి ఇంకొకరి చేయి కావాలి. శబ్దం తక్కువగా పెట్టండి. ఎక్కువ పెడితే గదంతా మోగి హెచ్చుతగ్గులు చెవికి తెలియవు.

నీటి పైన సుమారు 7.7 సెం.మీ. దగ్గర ఒకసారి, 25.2 దగ్గర ఇంకోసారి హోరు వస్తుంది. రెండుచోట్లా నీటి మట్టం దగ్గర పైపు మీద పెన్నుతో గీత పెట్టి, గీతల మధ్య దూరం మీటర్లలో కొలిచి 2000తో గుణించండి, ధ్వని వేగం వస్తుంది.