ఏడాది ప్లాన్ ఎంత బిగించాలి, ఎంత వదలాలి?

ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు, రొయ్యలు ఎత్తే మూడు వ్యాన్లు మావి, నేనూ మా బావా కలిసి నడుపుతున్నాం. ఆయన ప్రతి జనవరిలో ఏ నెల ఎన్ని ట్రిప్పులు, కొత్త బండి ఎప్పుడు, అన్నీ ఎక్సెల్‌లో రాస్తాడు. మార్చి దాటాక దాన్ని ఎవరూ తెరవరు. పోనీ ఏ రోజుకారోజు చూసుకుందాం అని నేనంటే, ఒక తుపాను వారానికే ఈఎంఐ కట్టలేక అప్పు చేశాం. మధ్యలో ఎక్కడ ఆగాలి?

కంచరపాలెం కుర్రోడు:
మీ బావ సగం కరెక్టు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఏటా ఉండేదే కదా బ్రో. ఆ రెండు నెలల ఈఎంఐ, డ్రైవర్ల జీతాలు జనవరి నుంచే వేరే ఖాతాలో పడాలి, బండ్ల రిపేర్లు కూడా అప్పుడే. ఇందులో చర్చ లేదు.

పాత పోర్టు ఉద్యోగి:
తుపాను ఏ రోజు వస్తుందో జనవరిలో ఎవరు చెప్తారు బాబూ? కానీ ఏ నంబరు ఎగరేస్తే ఏం చేయాలో పోర్టులో ముందే రాసి ఉంటుంది. ఒకటి నుంచి పదకొండు దాకా హెచ్చరికలు. పదకొండోది ఎందుకో తెలుసా, వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని చెప్పడానికి! కబురు అందని రోజుకీ ఒక నంబరు పెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకి అది అతి అనిపించదు. మీరూ తేదీలు తగ్గించి ఇలాంటివి రాసుకోండి: చేతిలో ఇరవై రోజుల ఖర్చుకి డబ్బు లేకపోతే కొత్త బండి మాట ఎత్తం, బాకీ ఫలానా మొత్తం దాటిన పార్టీకి లోడు ఆపేస్తాం. ఆ మొత్తాలు గొడవ లేని రోజున కూర్చుని తేల్చుకోవాలి.

మధురవాడ మేడమ్:
అన్నిటికీ నంబరు ఉండదండీ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచుతుందని ఆ జనవరిలో రొయ్యల వ్యాపారుల్లో ఎవరు రాసుకున్నారు? మూడింట్లో ఒక బండిని ఏ కాంట్రాక్టుకీ కట్టకుండా ఉంచండి. మామూలు నెలల్లో దండగలా కనిపిస్తుంది, నిజమే, కానీ ఉన్న దారి మూసుకుపోతే తిప్పుకోవడానికి అదే ఉంటుంది.

ప్రశ్న అడిగినతను:
చేపల వాసనకి వేరే లోడు ఎవరిస్తారు మేడమ్, మహా అయితే ఐసు! బావకి ఇదంతా చదివి వినిపించాను. వేరే ఖాతా సరేనన్నాడు, ఖాళీ బండికి మాత్రం ససేమిరా. పెద్దాయన చెప్పిన నంబర్లు నచ్చాయట, వాటినీ ఎక్సెల్‌లోనే పెడతానంటున్నాడు.