సమస్య: "నావ కదలక తీరమే నడచిపోయె"

కవిమిత్రులకు నమస్కారం. ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నాను. దీన్నే చివరి పాదంగా పెట్టి, అర్థం కుదిరేలా పద్యం పూరించాలి.

నావ కదలక తీరమే నడచిపోయె

గణాలు: నావ, కదలక, తీరమే, నడచి, పోయె. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం ధ్వనిలో జత కుదరడం) 'నా'కు 'న'. వర్ణనాంశం వేసవి నౌకావిహారం. గమ్యం చేరాలన్న తొందర లేని పడవ, కుడిచేతివైపో ఎడమచేతివైపో కొండలు, బండలు, ఇసుక తిన్నెలు. 5 నాట్ల వేగం అనుకోండి, అంటే గంటకు 5 నాటికల్ మైళ్లు, 9 కిలోమీటర్ల పైచిలుకు. సైకిలు కంటే నెమ్మది. ఆ నెమ్మదిలోనే ఈ పాదం నాకు తట్టింది.

ఒక్క మనవి. "అని కలగంటిని" అని ముగించకండి. కలలో ఏదైనా జరుగుతుంది కాబట్టి అక్కడ సమస్యే మిగలదు. మెలకువగా ఉన్నవాడి కంటికి ఈ పాదం నిజం కావాలి.

పూరణ 1

అలలు నిదురించు వేసవి యపరసంధ్య
పడవ యంచునఁ గూర్చున్న పాపడొకడు
తల్లి చెయి పట్టి యిట్లనెఁ దలను ద్రిప్పి
"నావ కదలక తీరమే నడచిపోయె!"

*సమీక్ష:* శుభారంభం. పసివాడి నోట ఈ మాట పెట్టడంతో విరోధం సగం తీరిపోయింది, ఎందుకంటే వాడికి అలాగే కనిపిస్తుంది. "అలలు నిదురించు" అనడంలో నీళ్ల నిశ్చలత కూడా వచ్చింది, పడవ ఊగడం లేదు కనుకనే కదలిక తెలియలేదు. మూడో పాదమే పలచబడింది. "తలను ద్రిప్పి" యతి కోసం వచ్చినట్టుంది. వాడు ఏం చూశాడో మాకూ చూపించండి. ఇలా అంటే?

పడవ యంచునఁ గూర్చున్న పాపఁ డనియె
వెనుకఁ బడుచున్న కొండను వ్రేలఁ జూపి

తల్లి తప్పుకుంది కానీ పద్యానికి లోటు రాలేదు. ఆ చిట్టి వేలు చాలు.

*ఒక సభ్యురాలు:* గురువుగారూ, సవరణ ఎంతో బాగుంది. అయితే ఒక చిన్న సందేహం. పడవలోంచి చూస్తే దూరపు కొండ మనతోపాటే వస్తున్నట్టుంటుంది. దగ్గరి బండలే చరచరా వెనక్కి పోతాయి. పసివాడి కన్ను ముందు బండ మీదే పడుతుంది కదా?

*సమీక్ష:* ఒప్పుకుంటున్నానమ్మా. "వెనుకఁ బడుచున్న బండను వ్రేలఁ జూపి" అనుకుందాం. గణం చెదరలేదు, యతి చెదరలేదు, దృశ్యం మాత్రం సరిగ్గా కుదిరింది. కొండకూ బండకూ మధ్య ఒక్క అక్షరమే తేడా. దాన్ని పట్టుకోవాలంటే మీరు పడవలో కూర్చుని నిజంగా చూసి ఉండాలి.

పూరణ 2

పోటు వేళను లంగరుఁ బూని నిలువ
ఆరు గంటలు గడచిన యంతలోన
నీరు వెనుకకుఁ బోవగా నేల పెరిగె
నావ కదలక తీరమే నడచిపోయె!

*సమీక్ష:* భ్రమ జోలికి పోకుండా నిజంగానే తీరాన్ని నడిపించారు. ఈ దారి నాకు తోచలేదు. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. నీళ్లు నిండుగా ఉన్న క్షణం నుంచి అడుగంటే క్షణానికి సుమారు 6 గంటల 12 నిమిషాలు. "ఆరు గంటలు" అన్న లెక్క పద్యంలో ఇంత హాయిగా ఒదగడం చూసి సంతోషించాను.

కానీ దిక్కు తప్పింది సోదరా. పోటు మీద లంగరు వేస్తే తరవాత వచ్చేది ఆటు. నీరు వెనక్కి తగ్గుతుంది, ఇసుక బయటపడుతుంది, ఒడ్డు పడవ వైపు వస్తుంది. అప్పుడు "నడచి వచ్చె" అనాలి. సమస్యలో ఉన్నది "నడచిపోయె". కాబట్టి ఆటు మీద లంగరు వేయించండి:

ఆటు వేళను లంగరు నచట దించ
ఆరు గంటలు గడచిన యంతలోన
నీరు పైపైకి సాగగా నేల తరిగె
నావ కదలక తీరమే నడచిపోయె!

ఇప్పుడు ఒడ్డు నిజంగా దూరమైంది.

*పూరణకర్త:* ధన్యవాదాలు గురువుగారూ. నాకు ఆటు, పోటు తెలుసు, పద్యంలో మాత్రం తారుమారు చేశాను. మీరు దిద్దిన పద్యం చూశాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆటు మీద లంగరు వేసేటప్పుడు తాడు చూసుకోవాలి. మామూలుగా లోతుకు 5 నుంచి 7 రెట్లు తాడు వదులుతారు. 4 మీటర్ల లోతులో 20 మీటర్లు వదిలి హాయిగా పడుకున్నామనుకోండి. పోటుకు నీరు 3 మీటర్లు లేస్తే లోతు 7 అవుతుంది, తాడు మూడు రెట్లు కూడా ఉండదు. తాడు నిటారుగా లాగితే లంగరు పట్టు వదులుతుంది. అప్పుడు నావ "కదలక" ఉండదు. అందుకని పద్యంలోని పడవవాడు తాడు ఎక్కువే వదిలాడని అనుకోండి.

*సమీక్ష:* అనుకున్నాం. లంగరు మీదున్న పడవ కూడా గాలివాటుకు లంగరు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. "కదలక" అంటే చోటు విడవక అనే అర్థం చెప్పుకుందాం.

పూరణ 3

పడవయానమ్ము చేయగా వేసవందు
చల్లగాలికి కన్నులు మూతపడెను
మేలుకొని చూడ దూరాన మెరయు నొడ్డు
నావ కదలక తీరమే నడచిపోయె!

*పూరణకర్త్రి:* అందరికీ నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దయచేసి చెప్పండి. మధ్యాహ్నం ఇంజను ఆపేశాక చల్లగాలి పడవను సముద్రం లోపలికి నెట్టేసిందని నా భావం.

*సమీక్ష:* స్వాగతం అమ్మా. గణాలు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి. మొదటి ప్రయత్నంలో అది చిన్న విషయం కాదు. మూడో పాదంలో 'మే'కు 'మె' చక్కగా కుదిరింది. మిగతావి చూద్దాం.

మొదటి పాదంలో 'ప'కు 'వే'. హల్లుల్లో మైత్రి ఉంది, అచ్చుల్లో లేదు. యతికి రెండూ కావాలి. రెండో పాదంలో 'చ'కు 'మూ'. ఇక్కడ రెండూ లేవు. "పడవయానము" వైరిసమాసం. తెలుగు 'పడవ'ను సంస్కృతం 'యానము'తో ముడివేయకూడదు. నౌకాయానం అనవచ్చు, పడవ పయనం అనవచ్చు. "వేసవియందు" అనాలి. "గాలికిఁ గన్నులు" అని సరళం ('క' బదులు 'గ') రావాలి. ఒక సవరణ:

వేసవిని నౌక నెక్కితి వేడుకగను
చల్లగాలికిఁ గన్నులు సడలి వాల
మేలుకొని చూడ దూరాన మెరయు నొడ్డు
నావ కదలక తీరమే నడచిపోయె!

'చ'కు 'స' చెల్లుతుంది. భయపడకండి, ఈ పొరపాట్లన్నీ మేమూ చేసినవే.

*రెండో పూరణ కర్త:* చెల్లెమ్మా, ఛందస్సు గురువుగారు చూసుకున్నారు. నేను గాలి సంగతి చెబుతాను. ఎండాకాలం మధ్యాహ్నం నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అంటే మీరు చెప్పిన చల్లగాలి ఒడ్డు వైపే వీస్తుంది. అది పడవను లోపలికి నెట్టదు, ఒడ్డుకు తెస్తుంది. నేల మీంచి నీళ్ల మీదికి వీచేది రాత్రి గాలి, తెల్లవారుజాము గాలి. పగలు ఒడ్డు దూరమైందంటే అది ఆటు లాగడమో, తీరం వెంట పారే నీటివాలో అయి ఉండాలి.

*సమీక్ష:* ఇది నేను గమనించలేదు. నా సవరణలోనూ ఆ లోపం అలాగే ఉండిపోయింది. అమ్మా, వీలైతే మరోసారి ప్రయత్నించండి. ఈసారి నా మాటలు వాడకండి, మీ మాటలతోనే రాయండి.

పూరణ 4

ఆర్యభటుఁ డెన్నఁడో చెప్పె నఖిలమునకు
భూమి తిరుగక చుక్కలే పోవుననుట
పడవ లోపలివాఁ డిట్లు పలుకుటయ్య
"నావ కదలక తీరమే నడచిపోయె!"

*సమీక్ష:* ఈ పూరణ చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇది కవి కల్పించిన పోలిక కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గోలపాదం 9వ శ్లోకంలో ఉన్నదే. ముందుకు పోయే నావలోనివాడికి కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, లంకలో ఉన్నవాడికి కదలని నక్షత్రాలు తిన్నగా పడమటికి పోతున్నట్టు అలాగే కనిపిస్తాయని చెప్పాడు. లంక అంటే ఇక్కడ ఖగోళ గణితంలో భూమధ్యరేఖ మీద పెట్టుకున్న ఆనవాలు. తరవాతి వారిలో బ్రహ్మగుప్తుడు వంటి ఉద్దండులు కూడా భూభ్రమణాన్ని ఒప్పుకోలేదు. అలాంటి మాటను పసివాడికైనా తెలియజెప్పడానికి ఆయనకు దొరికిన వస్తువు పడవ!

భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఒడ్డున నిలబడి పడవను చూసేవాడు కూడా నావలో ఉన్నవాడే. ఆ మాట పద్యంలో పైకి లేదు కానీ వినిపిస్తోంది.

లోపాలు: "అఖిలమునకు" యతి కోసం వచ్చింది. మూడో పాదంలో 'వంటిది' అన్న మాట లోపించినా రూపకంగా చెల్లుతుంది. వేసవి జాడ లేదు. అయినా ఈ పూరణను పక్కన పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

పూరణ 5

కదలునది మన పడవయే కాదె చెలియ
యొడ్డు నిలిచిన చోటనే యుండె, నీవు
కన్నులను నమ్మి మది నిట్లు గాఁగఁ దలచి
నావ? కదలక తీరమే నడచిపోయె!

*సమీక్ష:* "తలచి" తరవాత "నావ" వచ్చి చేరి "తలచినావ?" అయింది. సమస్యలోని నావ ప్రశ్నలో కరిగిపోయింది. అవధాన సభలో అయితే ఇక్కడ చప్పట్లు మోగేవి. పాదం దాటి పదం సాగడం తేటగీతికి దోషం కాదు.

ఒక్కటే ఇబ్బంది. నావ పోయాక "కదలక" అన్న క్రియకు కర్త ఎవరు? మొదటి పాదం నుంచి పడవను లాక్కు రావాలి. వస్తుంది కానీ దూరాన్వయం. చమత్కారం కోసం అంతమాత్రం ఓర్చుకోవచ్చు.

కలలోకి జారిన పూరణలు మూడు వచ్చాయి. ముందే మనవి చేశాను కనుక వాటిని ఇక్కడ చర్చించడం లేదు.

నా పూరణ

ప్రక్కఁ బడినట్టి యెండాకు ప్రక్కనుండె
తెల్ల నురుగుల జాడైనఁ దెలియలేదు
కొంతసేపటి కటు చూడఁ గొండ మారె
నావ కదలక తీరమే నడచిపోయె!

ఇది నేను చూసింది. ఇంజను ఆపి నీటివాలుకు పడవను వదిలేశారు. నా చేతికి అందేంత దూరంలో నీళ్ల మీద ఒక ఎండుటాకు, అంచులు పైకి చుట్టుకుని చిన్న దొన్నెలా ఉంది. చాలాసేపు అది అక్కడే ఉంది. పడవ వెనక నురుగు గీత లేదు, ముందు నీరు చీలడం లేదు. ఆగిపోయామనే అనుకున్నాను. పడవ నడిపే పెద్దాయన మాత్రం ఒడ్డు మీద ఒక బండనూ దాని వెనక ఉన్న కొండనూ ఒకే వరసలో పెట్టుకుని చూస్తున్నాడు. కాసేపటికి బండ మీంచి కొండ పక్కకు జరిగింది. "పోతున్నాం" అన్నాడు. ఆకూ, పడవా, నీరూ ఒకే వేగంతో కలిసి పోతున్నాయి కనుక నీటి లెక్కన నావ కదలలేదు. నేల లెక్కన చూసిన ఆయనకే అది తెలిసింది.

*నాలుగో పూరణ కర్త:* మొదటి పాదంలో "ప్రక్క" రెండుసార్లు రావడం పునరుక్తి కాదా అని అడగబోయాను. వివరణ చదివాక అదే ప్రాణమని తెలిసింది. "కొండ మారె" మాత్రం వివరణ లేకుండా తెలియదు గురువుగారూ. మారడం అంటే ఏమిటో పద్యంలోనే రావాలి.

*నేను:* నిజమే. బండను కూడా తేవాలని ఎంతో ప్రయత్నించాను, ఆ పాదంలో చోటు దొరకలేదు. ఎవరికైనా తోస్తే చెప్పండి, మార్చుకుంటాను.

పూరణ 3, రెండోసారి

పడవ నీడలో నొరగితిఁ బగటివేళ
అడుగుబల్లలఁ దాకెడు నలల జోల
వినుచు నుంటిని, కన్నులు విప్పినంత
నావ కదలక తీరమే నడచిపోయె!

*పూరణకర్త్రి:* గాలిని తీసేశాను గురువుగారూ. నిజానికి ఆ రోజు నాకు గుర్తున్నది గాలి కాదు. పడుకుంటే చెవి కింద, చెక్కకు అవతల, నీళ్లు తట్టే చప్పుడు.

*సమీక్ష:* 'ప'కు 'బ', 'అ'కు 'నలల'లోని 'అ', 'వి'కి 'వి', అన్నీ కుదిరాయి. సరళాదేశాలూ కుదిరాయి. రెండో పాదాన్ని నేను పైకి మూడుసార్లు చదువుకున్నాను. అభినందనలు అమ్మా.

వచ్చే సమస్య ఆటవెలది పాదం: ఉప్పునీటిలోన నూరెఁ దేనె.