దొరకని వస్తువును రిజిస్టర్‌లోంచి కొట్టేయాలా, ఉంచాలా?

హంద్రీగట్టు (కర్నూలు):
అందరికీ నమస్కారం. నేను ఒక పెద్ద ప్రభుత్వ రంగ సంస్థలో అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. పేరు అడక్కండి. ఈసారి స్థిరాస్తుల ఫిజికల్ వెరిఫికేషన్‌కి బయటి సీఏ ఫర్మ్‌ను పెట్టారు. కుర్రాళ్ళు వచ్చి బీరువాలకీ, కుర్చీలకీ, ఏసీలకీ క్యూఆర్ స్టిక్కర్లు అంటించి వెళ్ళారు. ఇప్పుడు నా టేబుల్ మీద రెండు లిస్టులున్నాయి. రిజిస్టర్‌లో ఉండి కంటికి కనపడనివి ఒకటి, కళ్ళెదుట ఉండి రిజిస్టర్‌లో లేనివి ఇంకొకటి.

మార్చి 31 లోపు తేల్చేయాలని పైనుంచి ఒకటే టెన్షన్. "పాతవాటికి పుస్తకంలో విలువే లేదు కదా, దొరకనివన్నీ కొట్టేయండి" అంటారు మా సార్. మా సీనియర్ అసిస్టెంట్ మేడమేమో సంతకం పెట్టనంటున్నారు. మీ ఆఫీసుల్లో ఏం చేస్తారు?

పాత లెడ్జర్ (కడప):
కొట్టేయొద్దు. మేడం చెప్పిందే కరెక్టు.

పుస్తకంలో విలువ అయిపోవడం వేరు, వస్తువు అయిపోవడం వేరు. డిప్రిసియేషన్ అంటే కొన్న ఖర్చును ఏళ్ళ మీద పంచుకోవడం, అంతే. కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 2 ప్రకారం ఫర్నిచర్‌కి 10 ఏళ్ళు, కంప్యూటర్‌కి 3 ఏళ్ళు. మీ ఆఫీసులో స్టీల్ బీరువా పదేళ్ళకి మాయమైపోతుందా? మనవళ్ళ కాలం దాకా ఉంటుంది. పుస్తకంలో దాని కొన్న ధర ఒక పక్క, పేరుకున్న డిప్రిసియేషన్ ఇంకో పక్క అలాగే నిలబడి ఉంటాయి. వస్తువు నిజంగా పోయిందని, లేదా అమ్మేశామని తేలినప్పుడే రెండూ కలిసి పోవాలి.

పోయిందని తేల్చడానికి ఒక వరస ఉంది. వెతకాలి, ఎవరి స్వాధీనంలో ఉండిందో చూడాలి, ఎలా పోయిందో రాయాలి, అధికారం ఉన్నవాళ్ళు రైట్ ఆఫ్, అంటే పుస్తకంలోంచి కొట్టేయడం, మంజూరు చేయాలి. మీ సంస్థలో డెలిగేషన్ ఆఫ్ పవర్స్ ఉత్తర్వు ఉండే ఉంటుంది. మీ సార్‌కి ఎంతవరకు పవర్ ఉందో ముందు అది తీసి చూడండి.

తుంగభద్ర 86:
జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (జీఎఫ్ఆర్) 2017, రూల్ 213. స్థిరాస్తులను ఏడాదికి ఒకసారైనా చూడాలి, తేడా వస్తే వెంటనే విచారించి లెక్కలోకి తేవాలి. ఇందులో చర్చ ఏముంది?

గేట్‌పాస్ (నంద్యాల):
జీఎఫ్ఆర్ కేంద్ర ప్రభుత్వానిది సార్. ఆయన సంస్థ ఏదో మనకు తెలీదు. ముందు అది తేలాలి.

లెడ్జర్ గారూ, మీరు చెప్పే వరస వినడానికి బాగానే ఉంది. రూపాయి విలువ చేసే ప్లాస్టిక్ కుర్చీ కోసం విచారణ కమిటీ వేసి, కమిటీకి టీఏ ఇచ్చి, ఫైలు తిరుపతికీ విజయవాడకీ తిప్పాలా? ముప్పై ఏళ్ళు స్టోర్‌లో పని చేశాను. రిజిస్టర్ అంటే ఉన్నది ఉన్నట్టు చూపించాలి. లేనిది ఉందని ఏటా రాసుకుంటూ పోతే అది రిజిస్టర్ కాదు, పురాణం.

పాత లెడ్జర్ (కడప):
రూపాయి అని ఎవరు చెప్పారు మీకు? షెడ్యూల్ 2లో మిగులు విలువ మామూలుగా కొన్న ధరలో 5 శాతం మించకూడదు అని ఉంది. రూపాయి అని లేదు.

గేట్‌పాస్ (నంద్యాల):
మా దగ్గర రూపాయే పెట్టేవాళ్ళు. కళ్ళతో చూసిన లెడ్జర్ చెబుతున్నా.

పాత లెడ్జర్ (కడప):
పెట్టి ఉండొచ్చు. గుర్తు కోసం రూపాయి ఉంచే అలవాటు చాలా చోట్ల ఉంది. వస్తువు ఇంకా ఉంది, కనిపెట్టుకుని ఉండు అని చెప్పడానికే ఆ రూపాయి. దాన్నే చూపించి వస్తువును కొట్టేయమంటున్నారు మీరు!

సప్లయర్ బిల్లు:
అన్నలూ, ఇప్పుడు రూపాయి గురించా మన గొడవ?

గేట్‌పాస్ (నంద్యాల):
రూపాయి గురించి కాదు. మా బావమరిది కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరు షెడ్డులో పని చేసినోడు. ఆయన చెప్పేది వినండి. చేలో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వేరుశనగ ఎండిపోతుంటే రైతు ఊరుకుంటాడా? ట్రాక్టర్‌లో వేసుకుని షెడ్డుకి తెస్తాడు. బాగుచేసింది ఇంకోటి సిద్ధంగా ఉంటే అది ఎక్కించి పంపిస్తారు. పుస్తకంలో కాలినదాని నంబర్, దిమ్మె మీద వేరే నంబర్. ఆ కాలిందేమో కాయిల్ మారి, ఆయిల్ మారి, మళ్ళీ సీజన్‌కి ఆదోని పక్కనో ఆళ్ళగడ్డ పక్కనో తేలుతుంది. నేమ్‌ప్లేట్ కూడా ఊడిపోయి ఉంటుంది. నంబర్ పట్టుకుని వెరిఫికేషన్‌కి పోతే ఊరికి ఊరే "దొరకలేదు" అని రాయాలి. కానీ ఊళ్ళో మోటార్లన్నీ ఆడుతున్నాయి!

పాత లెడ్జర్ (కడప):
అది నంబర్ సమస్య, రైట్ ఆఫ్ సమస్య కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పోలేదు, చోటు మారింది. మార్పు రాసుకోకపోతే తప్పు రాసుకోనివాళ్ళది. పైగా కరెంటు సంస్థల లెక్కే వేరు. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (సీఈఆర్సీ) 2019 నిబంధనల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కి డిప్రిసియేషన్ ఏడాదికి 5.28 శాతం ఉండేది, అదీ 90 శాతం వరకే. మిగతా 10 శాతం మిగులు విలువగా ఉండిపోయేది. అక్కడా రూపాయి లేదు.

గేట్‌పాస్ (నంద్యాల):
మళ్ళీ రూపాయి దగ్గరికే వచ్చారు.

మూడో టేబుల్ (అనంతపురం):
ఇద్దరూ చెరో ప్రశ్నకి జవాబు రాస్తున్నారు. హంద్రీగట్టు గారూ, మీ లిస్టులో "దొరకలేదు" అన్నవన్నీ ఒకే రకమా? మా దగ్గర ఒక చెక్క టేబుల్ వెనక్కి తిప్పి చూస్తే నాలుగు నంబర్లున్నాయి. నల్ల పెయింటుతో స్టెన్సిల్ కొట్టింది ఒకటి, దాని మీదే ఎర్ర పెయింటు, పక్కన చిరిగిపోయిన బార్‌కోడ్, ఇప్పుడు క్యూఆర్. రిజిస్టర్‌లో నాలుగు టేబుళ్ళున్నాయి, మూడు దొరకలేదు. ఎవరూ దొంగతనం చేయలేదు. వెరిఫికేషన్ చేసిన ప్రతిసారీ పాత నంబర్ చూడకుండా కొత్త నంబర్ రాశారు. అంతే.

పెన్నా మలుపు (కడప):
కుర్చీలు లెక్కపెడుతున్నారు, బాగుంది. భూమి సంగతేంది? మా ఊరి దగ్గర సంస్థకి ఎకరాల్లో స్థలం ఉంది. అప్పట్లో ఊరి పెద్దమనిషి నోటిమాట మీద ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ లేదు. వెబ్‌ల్యాండ్‌లో, అదే ప్రభుత్వ ఆన్‌లైన్ భూమి రికార్డులో, ఇప్పటికీ ఆయన కొడుకుల పేర్లే. దాన్ని ఏ స్టిక్కర్‌తో వెరిఫై చేస్తారు?

సప్లయర్ బిల్లు:
ఆడిట్‌లో తేడా 10 శాతం దాటితేనే రాస్తారంట కదా. అంతలోపు ఉంటే వదిలేయొచ్చేమో.

పాత లెడ్జర్ (కడప):
తమ్ముడూ, ఆ 10 శాతం కారో 2020లో, అంటే కంపెనీ ఆడిటర్లు రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే ఉత్తర్వులో, సరుకు నిల్వలకి పెట్టింది, స్థిరాస్తులకి కాదు. స్థిరాస్తుల్లో గణనీయమైన తేడాలు బయటపడ్డాయా, వాటిని పుస్తకాల్లో సరిగ్గా చూపించారా అని అడుగుతారు. శాతం ఏమీ లేదు. ఇట్లా విన్నదీ విననిదీ కలిపి రాసి కొత్తవాళ్ళని ముంచకండి. ఈ గేట్‌పాస్ గారు కూడా అదే పని చేస్తున్నారు. స్టోర్ వాళ్ళకి ఎప్పుడూ పుస్తకం తేలికైపోవాలి, బాధ్యత తేలికైపోవాలి.

గేట్‌పాస్ (నంద్యాల):
బాధ్యత గురించి నాకు చెబుతున్నారా? సరే, వినండి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కర్నూలు ఆఫీసులో సగం సామాను నంద్యాలకి పోవాలన్నారు. ఉత్తర్వు లేదు, ఫోన్ కాల్ ఒకటే. "లారీ వస్తోంది, ఎక్కించు, కాగితాలు తర్వాత చూసుకుందాం." కలెక్టరేట్ల దగ్గర్నుంచి అందరూ హడావుడిలో ఉన్నారు, నేను కాదంటే ఎవరు వింటారు? ఎక్కించాను. గేట్ పాస్ రాశాను. బీరువాలు, ర్యాకులు, ఎస్ టైపు కుర్చీలు, జెరాక్స్ మిషన్, అన్నీ వరసగా. లారీ నంబర్‌తో, డ్రైవర్ సంతకంతో. ట్రాన్స్‌ఫర్ నోట్ మాత్రం ఈరోజుకీ రాలేదు. వాళ్ళ పుస్తకంలో ఎక్కించుకుంటే డిప్రిసియేషన్ వాళ్ళ మీద పడుతుందని నంద్యాల వాళ్ళు తీసుకోలేదు. కర్నూలు రిజిస్టర్‌లో అన్నీ నా పేరు మీదే ఉన్నాయి.

రిటైర్ అయ్యాక నో డ్యూస్ (బాకీ ఏమీ లేదనే కాగితం) అడిగితే "షార్టేజీ ఉంది" అన్నారు. నా గ్రాట్యుటీ ఇంకా రాలేదు. ఏ కుర్చీ పోయిందంటున్నారో ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని నేను నంద్యాలలో కలిసి టీ తాగి వచ్చాను. ఇప్పుడు చెప్పండి, మీ రిజిస్టర్ ఎవరి మెడకి చుట్టుకుంటుంది? చివరి సంతకం పెట్టినోడి మెడకే కదా?

మూడో టేబుల్ (అనంతపురం):
అయ్యో. ఇది మొదట్లోనే చెప్పాల్సింది అన్నా.

తుంగభద్ర 86:
విచారణ జరిగిందా? ఏపీ రివైజ్డ్ పెన్షన్ రూల్స్ 1980, రూల్ 9 కింద ఆపాలంటే తీవ్రమైన తప్పో నిర్లక్ష్యమో విచారణలో రుజువు కావాలి. మీ సంస్థకి వేరే సర్వీస్ రూల్స్ ఉంటే అవి చూడండి. చార్జ్ మెమో కూడా లేకుండా ఊరికే ఆపారంటే రాతపూర్వకంగా కారణం అడగండి. మీరు పంపే ప్రతి కాగితానికి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

పాత లెడ్జర్ (కడప):
మీకు జరిగింది అన్యాయం. దానికి కొట్టేయడం మందు కాదు. ఎందుకంటానో నేనూ చెబుతా.

నేను సర్వీసులో ఉండగా ఒక రైట్ ఆఫ్ లిస్టు నా దగ్గరికి వచ్చింది. ఏసీలు, ఒక ఫ్రిజ్, రెండు సోఫా సెట్లు. "వాడకానికి పనికిరావు, ఆచూకీ లేదు" అని రాసి ఉంది. ఆచూకీ నాకు తెలుసు. ఆఫీసులో ప్రతి అటెండరుకీ తెలుసు. ఒక పెద్దాయన క్యాంపు ఆఫీసులో ఆ ఏసీలు చల్లగా తిరుగుతున్నాయి. బదిలీ అయి పోతూ పోతూ వాటితోపాటు పోయాడు. నేను సంతకం పెట్టలేదు. ఆ ఏడే నన్ను రాయచోటి అవతలికి వేశారు, మా ఆవిడకి ఆపరేషన్ చేయించాల్సిన టైములో.

కొట్టేయడం తేలిక చేస్తే ముందు లాభపడేది స్టోర్ కీపర్ కాదు. ఏసీ తీసుకుపోయినోడు.

గేట్‌పాస్ (నంద్యాల):
మరి ఆ ఏసీల రికవరీ ఎవరి మీద పడింది?

పాత లెడ్జర్ (కడప):
ఎవరి మీదా పడలేదు. నా తర్వాత వచ్చినాయన సంతకం పెట్టేశాడు.

గేట్‌పాస్ (నంద్యాల):
అదే నేను చెప్పేది. పెద్దోళ్ళకి రైట్ ఆఫ్, మాకు రికవరీ. రూల్ ఒకటే, పుస్తకం ఒకటే. మీరు ఎన్ని సెక్షన్లు చెప్పినా నా గ్రాట్యుటీ దగ్గరికి వచ్చేసరికి అన్నీ గుర్తొస్తాయి, ఏసీల దగ్గర ఏదీ గుర్తురాదు.

వరదనీళ్ళు (కర్నూలు):
మా దగ్గర ఈ గొడవే లేదు. 2009 అక్టోబర్ వరదల్లో రిజిస్టర్లన్నీ బురదలో ముద్దయిపోయాయి. తర్వాత బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న మొత్తాన్ని చూసి, దానికి సరిపడేలా వస్తువుల పేర్లు వెనక్కి రాసుకొచ్చారు. అదే ఈరోజుకీ ఓపెనింగ్ బ్యాలెన్స్. ఏటా ఆడిట్ ఆ పుస్తకం మీదే.

మూడో టేబుల్ (అనంతపురం):
హంద్రీగట్టు గారూ, ఒక పని చేయండి. మీది కూడా 2022లో విడిపోయిన ఆఫీసే అయితే, మీ "దొరకలేదు" లిస్టునీ నంద్యాల వాళ్ళ "రిజిస్టర్‌లో లేదు" లిస్టునీ పక్కపక్కన పెట్టండి. అదే సీఏ ఫర్మ్ అక్కడికి కూడా పోయి ఉంటుంది. చాలావరకు అక్కడే కలుస్తాయి. కలిసినవాటికి రెండు ఆఫీసుల మధ్య ట్రాన్స్‌ఫర్ ఎంట్రీ చాలు, రైట్ ఆఫ్ ఎందుకు? ఒకే వస్తువుకి రెండు మూడు నంబర్లు పడినవి విడిగా తీయండి. అవీ పోయాక మిగిలినవే నిజంగా పోయినవి. విచారణ వాటికే.

హంద్రీగట్టు (కర్నూలు):
థాంక్స్ మేడం. నంద్యాల లిస్టు తెప్పించాను. వాళ్ళు "కుర్చీ, ఇనుము" అని మాత్రం రాశారు. కంపెనీ లేదు, కొన్న ఏడాది లేదు. ఏది ఏదో ఎలా కలపాలి?

పాత లెడ్జర్ (కడప):
కొన్నప్పటి సప్లయర్ బిల్లు, స్టాక్ ఎంట్రీ తీయండి. పెద్ద వస్తువులు, అంటే జెరాక్స్ మిషను, ఏసీ, జనరేటర్ లాంటివి సీరియల్ నంబర్‌తో కలపండి. కుర్చీలు రకం ప్రకారం, సంఖ్య ప్రకారం కలిపి రెండు ఆఫీసుల వాళ్ళతో జాయింట్ రిపోర్టు మీద సంతకాలు తీసుకోండి. మీ సార్ సంతకం ముందు, మీది తర్వాత. ఆ వరస మార్చొద్దు.

గేట్‌పాస్ (నంద్యాల):
తమ్ముడూ, ఎవరైనా గేట్ పాస్ కార్బన్ కాపీలు దాచారేమో మీ స్టోర్‌లో అడుగు. దాచే ఉంటారు. నావి నా ఇంట్లో ఉన్నాయి, ఎవరికీ ఇవ్వను, జెరాక్సులే ఇస్తా.

లెడ్జర్ గారూ, జాయింట్ రిపోర్టు దాకా ఒప్పుకుంటా. పాతికేళ్ళ నాటి ప్లాస్టిక్ కుర్చీలకి విచారణ మాత్రం ఒప్పుకోను.

పాత లెడ్జర్ (కడప):
మంజూరు లేకుండా ఒక్కటి కూడా పోకూడదు. కావాలంటే ఒకే ఫైల్లో అన్నీ కలిపి పెట్టండి.

పెన్నా మలుపు (కడప):
భూమి గురించి అడిగాను, ఒక్కరూ పలకలేదు.

పాత లెడ్జర్ (కడప):
సంస్థ కంపెనీ అయితే, టైటిల్ డీడ్ సంస్థ పేరు మీద లేని స్థలాలన్నీ ఆడిట్ రిపోర్టులో విడిగా చూపించాలి. ఎవరి పేరు మీద ఉంది, ఎప్పటినుంచి, కారణం ఏంటి అని. కారో 2020లో మొదటి క్లాజే అది. మీ రిపోర్టులో ఉందో లేదో చూసి, అడంగల్ కాపీ తీసుకుని కొత్త థ్రెడ్ పెట్టండి. ఇక్కడ వద్దు, ఇక్కడ ఇంకా కుర్చీలే తేలలేదు.