ఈవెంట్‌లో ఫ్లాష్ వేస్తే ముఖాలు తెల్లగా, వెనకంతా చీకటిగా వస్తోంది

కొత్తలెన్స్: నిన్న రాత్రి ఒక ఫంక్షన్ తీశాను. కెమెరా మాన్యువల్‌లో షట్టర్ 1/200 సెకను, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 5.6, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 200. ఫ్లాష్ నేరుగా ముఖాల మీదకే. ముఖాలు పాలిపోయాయి, వెనక హాలు నల్లగా వచ్చింది. అంత అందమైన లైటింగ్ ఒక్క ఫొటోలోనూ లేదు. వచ్చే వారం ఇంకోటి ఉంది, టెన్షన్‌గా ఉంది.

మూడోకన్ను: మీ ఫొటోలో రెండు వెలుగులున్నాయండి. ఒకటి హాలుది, ఒకటి ఫ్లాష్‌ది. ఫ్లాష్ వెలిగేది సెకనులో ఏ వెయ్యో వంతో. అందుకే షట్టర్ 1/200 అయినా 1/60 అయినా ఫ్లాష్ వెలుగు మారదు, హాలు వెలుగే మారుతుంది. 1/60, ఎఫ్ 4, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టండి. ఇప్పటికంటే హాలు వెలుగు 50 రెట్లకు పైగా ఎక్కువ అందుతుంది. ఎఫ్, ఐఎస్ఓల మార్పు ఫ్లాష్ వెలుగుకీ వర్తిస్తుంది, అందుకే ఫ్లాష్‌కి ఇప్పటి పవర్‌లో 16వ వంతు చాలు, వెంటవెంటనే వెలుగుతుంది కూడా. ఇది తెలియక నేను మొదటి ఏడాదంతా చీకటి ఫొటోలే ఇచ్చాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నీడలు: ఫ్లాష్ తల తెల్ల సీలింగ్ వైపు, కొంచెం వెనక్కి వాల్చండి. నిటారుగా పైకి పెడితే కళ్ల కింద నీడలు పడతాయి. సీలింగ్‌కి రంగుంటే మాత్రం ఆ రంగే ముఖాలకి అంటుతుంది.

కొత్తలెన్స్: 1/60లో మనుషులు కదిలితే బ్లర్ రాదా అండి?

మూడోకన్ను: మనిషి మీద హాలు వెలుగు తక్కువైతే ఫ్లాషే కదలికని ఆపేస్తుంది. డాన్స్ దగ్గర స్టేజ్ లైట్లు నేరుగా పడతాయి కాబట్టి 1/125కి వెళ్లండి. కదలిక చార కావాలనుకుంటే రియర్ కర్టెన్ (షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగే సెట్టింగ్) పెట్టండి, అది మనిషి వెనక పడుతుంది.

సాయంత్రం: టీటీఎల్‌ని (లెన్స్ గుండా వచ్చే వెలుగు చూసి కెమెరాయే ఫ్లాష్ పవర్ నిర్ణయించే పద్ధతి) గుడ్డిగా నమ్మకండి. ఫ్రేమ్ నిండా తెల్ల బట్టలుంటే వెలుగు ఎక్కువైందనుకుని ఫ్లాష్ తగ్గించేస్తుంది. అప్పుడు ఫ్లాష్ కాంపెన్సేషన్ +1 (రెట్టింపు వెలుగు) ఇవ్వాలి. నల్ల బట్టలైతే దీనికి రివర్స్.

నీడలు: అందుకే స్టేజ్ ముందు నేను ఫ్లాష్ కూడా మాన్యువల్‌లోనే పెడతాను. దూరం మారదు కదా. జనం మధ్య తిరిగేటప్పుడు మాత్రం టీటీఎల్ తప్పదు. 2 మీటర్ల నుంచి 4 మీటర్లకి వెళ్తే నేరుగా వేసిన ఫ్లాష్ నాలుగో వంతే చేరుతుంది, ప్రతిసారీ మార్చుకుంటూ కూర్చోలేం.

కొత్తలెన్స్: ఇప్పుడే ఇంట్లో ప్రయత్నించాను. సోఫా మీద తమ్ముడు, వెనక గదిలో బల్బు. 1/200లో, 1/60లో వాడి ముఖం దాదాపు ఒకేలా ఉంది, వెనక గది మాత్రం కనబడింది! కానీ అది బాగా పసుపుగా వచ్చింది.

సాయంత్రం: ఫ్లాష్‌కి నారింజ రంగు జెల్ (పారదర్శకమైన రంగు ప్లాస్టిక్ షీటు) కట్టి, కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగు తెల్లగా కనబడాలో చెప్పే సెట్టింగ్) 3200 కెల్విన్ దగ్గర పెట్టండి. ఫ్లాష్, బల్బు రెండూ ఒకే రంగులోకి వస్తాయి.